డిష్ ఆపేసి తప్పు చేశామా: మూడేళ్ల ఫైబర్ టీవీ తర్వాత నా మాట

ముందే చెప్పేస్తున్నా, ఈ ఫైబర్ టీవీ బాక్సు మీద నా కోపం దాని రిమోట్‌తోనే మొదలు. అందులో అంకెలు లేవు. పైకీ కిందకీ పక్కలకీ నొక్కే గుండ్రటి బటన్ ఒకటి, వెనక్కి రావడానికి ఒకటి, మైకు బొమ్మ ఒకటి, మనం డబ్బు కట్టని యాప్‌ల పేర్లతో ఇంకో నాలుగు. అంతే. బొమ్మ ఎంత బాగుంటుందో, ఎన్ని యాప్‌లు ఇస్తారో అందరికీ తెలుసు కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నా.

మాది విజయవాడ సత్యనారాయణపురం, మూడంతస్తుల ఇంట్లో పై వాటా. మా అత్తయ్యకి డెబ్బై ఆరేళ్లు. 2011 నుంచి మా ఇంట్లో డిష్ ఉండేది, ఆవిడకి చానళ్ల పేర్లతో పనే లేదు, నంబర్లే నోటికొచ్చు. తెల్లారి సుప్రభాతానికి ఒక నంబరు, మధ్యాహ్నం పాత సినిమాలకి ఒకటి, రాత్రి సీరియళ్లకి మూడు. కళ్లజోడు లేకుండా, లైటు వేయని చీకట్లో కూడా నాలుగంకెలూ తడుముకుని టకటకా నొక్కేవారు. 2019 ఫిబ్రవరిలో ఫోన్లకీ టీవీ చానళ్లకీ నియమాలు పెట్టే కేంద్ర సంస్థ ట్రాయ్ కొత్త లెక్క తెచ్చి, నెలకి 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కట్టి, డబ్బు చానళ్లు ఏవి కావాలంటే అవి విడిగా తీసుకోమన్నప్పుడు మేమంతా తల పట్టుకుంటే ఆవిడ మాత్రం క్యాలెండర్ కాగితం వెనక పక్కన పెన్సిల్‌తో రాసుకుని, మార్కెట్లో వంకాయలు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరారు. పిల్లాడి స్పోర్ట్స్ చానల్ కూడా ఆవిడ ఒప్పుకుంటేనే వచ్చింది.

మరి ఎందుకు మార్చామంటారా, వాన వల్ల. డిష్ వాడినవాళ్లకి చెప్పక్కర్లేదు. 36 వేల కిలోమీటర్ల పైనుంచి బుద్ధిగా వచ్చిన సిగ్నల్ చివరి నాలుగైదు కిలోమీటర్లలో వాన చినుకుల్లో చిక్కుకుపోతుంది. ఆ తరంగాలే అలాంటివట, గట్టి వానని దాటలేవు. 2022 ఆగస్టులో ఇంటర్నెట్ కోసం ఫైబర్ పెట్టించుకుంటే వాళ్లే టీవీ బాక్సు కూడా ఇచ్చారు, ఏడాదిన్నర దాకా రెండూ నడిపాం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు డిష్ పొద్దుటి నుంచీ గుడ్డిదైపోయింది, ఫైబర్ మాత్రం కరెంటు ఉన్నంతసేపూ నిక్షేపంగా వచ్చింది. ఆ ఊపులో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాను, డిష్ రోజులు అయిపోయాయి, అందరూ ఫైబర్ పెట్టించుకోండి అని. జనవరిలో డిష్ రీచార్జ్ ఆపేశాం.

ఆ మెసేజ్‌ని ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. మొదటి అనుమానం 2024 జూన్ 29 రాత్రి వచ్చింది, టీ20 ప్రపంచకప్ ఫైనల్. చివరి ఓవర్, దక్షిణాఫ్రికాకి 16 పరుగులు కావాలి, మా టీవీలో హార్దిక్ పాండ్యా ఇంకా ఫీల్డింగ్ సర్దుకుంటున్నాడు. ఇంతలో కింద వాటా వాళ్లు ఇల్లెగిరిపోయేలా కేకలు. వాళ్లది డిష్. మాకు మిల్లర్ కొట్టడం, బౌండరీ దగ్గర సూర్యకుమార్ పట్టుకోవడం ఆ తర్వాత తీరిగ్గా వచ్చాయి, అప్పటికే అవుటని తెలిసిపోయింది. మా వాడైతే మిగతా ఐదు బంతులూ టీవీ కట్టేసి కింద నుంచి వచ్చే కేకల్ని బట్టే మ్యాచ్ చూశాడు.

రెండోది ఆ సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు. సింగ్‌నగర్ మునిగింది, మా వీధిలోకి నీళ్లు రాలేదు గానీ ఫైబర్ లైన్ ఎక్కడో పోయింది, నాలుగు రోజులు రాలేదు. వానకి డిష్ పోతే వాన తగ్గగానే దానంతటదే వస్తుంది, ఫైబర్ పోతే మాత్రం నిచ్చెన వేసుకుని ఒక మనిషి రావాలి, ఆ మనిషి ఇల్లు కూడా నీళ్లలోనే ఉండొచ్చు, ఆయన్ని ఏమనగలం. అత్తయ్య వార్తల కోసం కింద వాటాకి వెళ్లి కూర్చునేవారు. మా ఆయన, వరదలు రోజూ వస్తాయా అన్నారు. నిజమే, అని ఊరుకున్నాం.

అసలు కథ 2025 ఏప్రిల్ 6న, ఆదివారం, శ్రీరామనవమి. మాకు గుడివాడలో గృహప్రవేశం ఉండి నేనూ మా ఆయనా పొద్దున్నే వెళ్లిపోయాం, అత్తయ్యా మా వాడూ ఇంట్లో. ప్రతి ఏడూ ఆవిడ భద్రాచలం కల్యాణం టీవీలో చూసిగానీ భోజనం చేయరు. టీవీ ముందు పీట వేసి, పానకం, వడపప్పు పెట్టి, ఇత్తడి పళ్లెంలో అక్షింతలు కలుపుకుని కూర్చుంటారు. అభిజిత్ లగ్నంలో జీలకర్ర బెల్లం పెట్టగానే టీవీ మీద అక్షింతలు వేస్తారు, వారం తర్వాత కూడా టీవీ స్టాండు కింద పసుపు బియ్యం దొరుకుతాయి.

ఆ రోజు పన్నెండుకి పది నిమిషాల ముందు బాక్సు తనంతట తాను అప్‌డేట్ అయి, లాగిన్ నుంచి బయటికి వచ్చేసి, ఓటీపీ కొట్టమంది. ఓటీపీ వెళ్లేది మా ఆయన నంబర్‌కి. ఆ ఫోన్ కారులో చార్జింగ్‌లో ఉంది. నా ఫోన్ హ్యాండ్‌బ్యాగ్‌లో సైలెంట్‌లో ఉంది, నేను వడ్డన దగ్గర ఉన్నాను. మా వాడు ఇద్దరికీ కలిపి పదిహేడు సార్లు చేశాడు, మధ్యమధ్యలో మళ్లీ ఓటీపీ పంపించమని నొక్కుతూ పోయాడు, చివరికి ఎక్కువసార్లు ప్రయత్నించారు, కాసేపాగి రండి అని అది తలుపేసేసింది. అక్కడ రాములవారి పెళ్లవుతోంది, ఇక్కడ నీలం తెర మీద ఆరు ఖాళీ గడులు. పెళ్లి చూడటానికి కూడా ఓటీపీ ఏమిట్రా నాన్నా, శుభలేఖ సరిపోదా, అన్నారట అత్తయ్య.

వాడు తెలివిగా తన ఫోన్‌లో లైవ్ పెట్టి చేతికిచ్చాడు. ఆవిడకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, ఆ చిన్న తెర మీద సీతమ్మ ఎవరో రాములవారు ఎవరో తెలియక, మంత్రాలు విన్నారు. అక్షింతలు ఫోన్ మీద వేయడానికి చెయ్యి రాలేదట, గోడకున్న పటం మీద వేసి లేచారు. మేం మూడింటికి ఫోన్లు చూసుకుని పరిగెత్తుకొచ్చేసరికి పానకం గ్లాసు మూత పెట్టి ఉంది. ఏం కాలేదులే అమ్మాయ్, ఆయన పెళ్లి మనం చూడకపోతే ఆగుతుందా, అన్నారు. తిట్టినా బాగుండేది.

కస్టమర్ కేర్‌కి చేస్తే, భద్రత కోసం అలా అప్పుడప్పుడు అడుగుతుంది మేడం, అన్నారు. ఎవరి నుంచి భద్రతో అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే డిష్ రీచార్జ్ చేశాం, కానీ సిగ్నల్ లేదు. డాబా మీదకెళ్లి చూస్తే ఎవరో దాని చేతికి బట్టలారేసే తీగ కట్టారు, తడి దుప్పట్ల బరువుకి అది రవ్వంత వంగింది. అంత దూరంలో ఉన్న ఉపగ్రహానికి ఆ రవ్వంత చాలు. నాలుగో రోజు ఒకబ్బాయి వచ్చి, తీగ విప్పి, డిష్ ముందు సిగ్నల్ పట్టుకునే ముక్క, ఎల్ఎన్‌బీ అంటారు, అది తుప్పుపడితే మార్చి, ఆరేడు వందలు తీసుకున్నాడు. ఏప్రిల్ 11 రాత్రి ఒంటిమిట్ట కల్యాణం అత్తయ్య తన నంబరు తను నొక్కుకుని చూశారు. ఈసారి అక్షింతలు కాస్త ఎక్కువే పడ్డాయి.

ఇప్పుడు రెండూ ఉన్నాయి, డిష్ అత్తయ్య గదిలో, ఫైబర్ హాల్లో. దండగని మా ఆయన నెలకోసారి అంటారు, కాదని నేనూ అనలేను. డిష్‌కి ఇప్పటికీ గట్టి వాన పడితే బొమ్మ పోతుంది, అప్పుడావిడ రేడియో పెట్టుకుంటారు. ఫైబర్ మరీ అంత పనికిరానిదనీ అనను, నేను రాత్రి పనులయ్యాక చూసేవన్నీ అందులోనే. మైకు నొక్కి చానల్ నంబరు చెబితే మారుతుందని కూడా మా వాడు ఈమధ్యే కనిపెట్టాడు, కాకపోతే ఇంగ్లీషులో చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లు లేకపోతే, ఓటీపీ వచ్చే ఫోన్ ఎప్పుడూ చేతిలో ఉండేవాళ్లయితే మీకు నా గొడవ అనవసరం, డాబా మీద చోటు లేనివాళ్లకి ఎలాగూ ఫైబరే గతి. మాకు మాత్రం ప్రస్తుతానికి ఇలా నడుస్తోంది.

డిష్ రిమోట్ ప్లాస్టిక్ కవర్లో రబ్బరు బ్యాండుతో చుట్టి ఉంటుంది. అందులో నాలుగు, ఏడు అంకెలు పూర్తిగా చెరిగిపోయాయి. బీసెంట్ రోడ్డులో ఇలాంటిది దొరుకుతుందేమో చూస్తానంటే అత్తయ్య వద్దన్నారు, కొత్తదానిలో అంకెలు ఉంటాయో ఉండవో అని.