ఐదేళ్లుగా ఫ్లోకస్: బుక్‌మార్కులు, మూడు కంప్యూటర్లు, ఒక పీడకల

2018 మే 1న ఎక్స్‌మార్క్స్ మూతపడింది. వేర్వేరు బ్రౌజర్లలోని బుక్‌మార్కుల్ని ఒకేలా ఉంచే, అంటే సింక్ చేసే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) అది. అప్పటిదాకా బుక్‌మార్కుల గురించి నేను ఆలోచించిందే లేదు. ఆఫీసులో క్రోమ్, ఇంట్లో ఫైర్‌ఫాక్స్. ఒకచోట దాచుకున్న లింకు రెండోచోట దానంతటదే కనిపించేది. నిజానికి దాన్ని ఆపేస్తామని 2010లోనే ప్రకటించారు. వాడేవాళ్లు డబ్బు కడతామని ముందుకొచ్చారు, ఆ ఏడాది చివర్లో పాస్‌వర్డులు దాచిపెట్టే లాస్ట్‌పాస్ కంపెనీ కొనేసింది. గండం గడిచిందిగా, ఇక ఢోకా లేదనుకున్నాను.

ఆ తర్వాత చాలాకాలం హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, రెండో బ్రౌజర్‌లో ఇంపోర్ట్ చేసుకుంటూ నెట్టుకొచ్చాను. ఇంపోర్ట్ చేసిన ప్రతిసారీ పాత లింకులు పోవు, వాటి పక్కనే మరో కాపీ వచ్చి కూర్చుంటుంది. ఒకే పేజీ నాలుగు ఫోల్డర్లలో దొరికిన రోజున విసుగొచ్చి, ఎక్స్‌మార్క్స్ లాగే బ్రౌజర్ల మధ్య సింక్ చేసే ఫ్లోకస్ ఎక్స్‌టెన్షన్ పెట్టాను. ఐదేళ్లు దాటింది.

బ్రౌజర్‌లోనే సింక్ ఉందిగా అంటారేమో. ఉంది. ఫైర్‌ఫాక్స్‌ది ఫైర్‌ఫాక్స్‌ల మధ్య బాగానే నడుస్తుంది, క్రోమ్‌ది క్రోమ్‌ల మధ్య. కానీ ఎవరి గడప వాళ్లది. ఒకే బ్రౌజర్ వాడేవాళ్లకు ఈ తలనొప్పి అక్కర్లేదు, ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

ఫ్లోకస్‌లో నాకు నచ్చింది ఒక్కటే: నా లింకులన్నీ నా వెబ్‌డావ్ స్టోరేజ్‌లో (నెట్ ద్వారా ఫైళ్లు దాచుకునే నా సొంత సర్వర్‌లో) ఒకే ఒక ఎక్స్‌బెల్ ఫైలుగా, అంటే బుక్‌మార్కుల కోసమే ఉన్న ఒక ఫార్మాట్‌లో ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పేరూ, అడ్రసూ మామూలుగా చదవొచ్చు. రేపు ఈ ఎక్స్‌టెన్షన్ కూడా మూతపడితే ఫైలు నా దగ్గరే ఉంటుంది. పాస్‌ఫ్రేజ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేయొచ్చు గానీ, అప్పుడు అలా తెరిచి చదవలేం. సర్వర్ నాదే కాబట్టి నేను పెట్టలేదు. వేరేవాళ్ల సర్వర్ అయితే తప్పక పెట్టేవాణ్ణి. మామూలుగా పావుగంటకోసారి మార్పులు చూసుకుంటుంది, ఆ వ్యవధిని మార్చుకోవచ్చు.

మొదట్లో తికమకపెట్టింది ఫోల్డర్ల సంగతి. ఫైర్‌ఫాక్స్‌లో బుక్‌మార్క్స్ మెనూ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, క్రోమ్‌లో దానికి జోడీ లేదు. అందుకే మొత్తాన్ని సింక్ చేయడం మానేసి, టూల్‌బార్‌లో 'అన్నీ' అని ఒక ఫోల్డర్ పెట్టి దాన్నొక్కదాన్నే ముడివేశాను. ట్యాగులూ అంతే, క్రోమ్‌కి ట్యాగులే తెలియవు. ఏళ్ల తరబడి శ్రద్ధగా పెట్టుకున్న ట్యాగుల్ని ఒక ఆదివారమంతా కూర్చుని బుక్‌మార్కు పేర్ల చివర మాటలుగా చేర్చుకున్నాను. విసుగు పనే, కానీ ఇప్పుడు ఏ బ్రౌజర్‌లో వెతికినా దొరుకుతాయి.

నేను చేసిన పెద్ద తప్పు వేరే. క్రోమ్ సొంత సింక్ ఆపకుండానే రెండు కంప్యూటర్లలో ఫ్లోకస్ పెట్టాను. ఒకే ఒరలో రెండు కత్తులు. ఒకే మార్పు రెండు దారుల్లో వచ్చి, వారంలో ప్రతి ఫోల్డర్‌కీ ఒక కవల పుట్టింది. క్రోమ్ సెట్టింగుల్లో బుక్‌మార్కుల సింక్ ఒక్కటే ఆపొచ్చు, పాస్‌వర్డులూ మిగతావీ అలాగే ఉంటాయి. ఆపేశాక కవలల్ని ఒక్కొక్కటే ఏరిపారేస్తూ, అర్ధరాత్రి నిద్రమత్తులో అసలు ఫోల్డర్నీ కొట్టేశాను. రెండో కంప్యూటర్‌లో ఉంటుందిలే అని పక్క గదిలోకి వెళ్లి చూస్తే అక్కడా ఖాళీ. గుండె గుభేలుమంది. తప్పు చేసింది నేను, సింక్ దాన్ని బుద్ధిగా మోసుకెళ్లింది. ఒకే విడతలో మరీ ఎక్కువ లింకులు పోయేట్టుంటే ఫ్లోకస్ ఆగిపోయి హెచ్చరిస్తుంది, కానీ నాది చిన్న ఫోల్డర్ కావడంతో అడ్డుపడలేదు.

కాపాడింది అలమారాలోని పాత లాప్‌టాప్. రెండు వారాలుగా తెరవలేదు. ముందు రౌటర్ ఆపేసి, తర్వాత దాన్ని ఆన్ చేశాను. వై-ఫై దొరికిందంటే అది కూడా బుద్ధిమంతురాలిలా ఫోల్డర్‌ని చెరిపేసేది. తెరిస్తే ఫోల్డర్ చెక్కుచెదరలేదు. హెచ్‌టీఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాను. ఫైర్‌ఫాక్స్ తనంతట తానే తేదీలవారీగా 15 బ్యాకప్‌లు దాచుకుంటుందని ఆ తర్వాత తెలిసింది. అయితే వాటిలో ఒకటి రీస్టోర్ చేస్తే ఇప్పుడున్నవన్నీ పోయి అదొక్కటే మిగులుతుంది. కాబట్టి ముందు సింక్ ఆపాలి.

ఫోన్ సంగతి అంతంతమాత్రం. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టలేం, అందుకని ఫ్లోకస్ విడిగా ఒక యాప్ ఇస్తుంది. పేజీని షేర్ చేసి అందులో దాచుకోవాలి, చూడాలన్నా అదే యాప్ తెరవాలి. బ్రౌజర్ బుక్‌మార్కుల్లో మాత్రం కనిపించవు. కొత్త కంప్యూటర్‌కి వచ్చిన లింకుల పక్కన సైటు బొమ్మలూ ఉండవు, ఒక్కోదాన్నీ తెరిచాకే వస్తాయి. సింక్ సగంలో ఉండగా లాప్‌టాప్ మూత వేస్తే 'సింక్ జరుగుతోంది, ఆగండి' అని చెప్పే తాళం ఫైలు సర్వర్‌లో మిగిలిపోయి రెండో కంప్యూటర్ కాసేపు ఎదురుచూస్తుంది. ఇది నాకున్న అలవాటే, ఎన్నిసార్లు అనుకున్నా మానలేదు.

ఇప్పుడు ఆ ఎక్స్‌బెల్ ఫైలుకి రోజూ తేదీతో ఒక కాపీ తీసి వేరేచోట పెట్టేలా ఏర్పాటు చేసుకున్నాను. పాత లాప్‌టాప్‌ని వదిలించుకోమని ఇంట్లో రెండుసార్లు అన్నారు. బ్యాటరీ పది నిమిషాలు కూడా ఆగదు. అయినా అలమారాలోనే ఉంది, వై-ఫై ఆపేసి.