వేళ్లు చెప్పిన వేళ్ల కథ: జానీ వింటర్ ‘రూట్స్’

తెలుగులో చెట్టుకున్న వేళ్లనూ చేతికున్న వేళ్లనూ ఒకే మాటతో పిలుచుకుంటాము. అమెరికా గిటారు కళాకారుడు జానీ వింటర్ 2011లో వెలువరించిన ‘రూట్స్’ (అంటే వేళ్లు) ఆల్బమ్‌ను పరిచయం చేయడానికి ఇంతకంటే అనువైన మాట నాకు దొరకలేదు. 1944లో టెక్సాస్ రాష్ట్రంలోని బ్యూమాంట్‌లో పుట్టి, 1969 నాటి ఉడ్‌స్టాక్ సంగీతోత్సవ వేదిక మీద వాయించి, అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటను రాక్‌తో కలిపిన బ్లూస్-రాక్ గిటారులో వేగానికి పేరుపడిన ఈ కళాకారుడు 67 ఏళ్ల వయసులో తాను చిన్ననాడు విని నేర్చుకున్న 11 పాటలను ఏరుకొని, ఒక్కొక్క పాటకు ఒక్కొక్క అతిథిని తోడు చేసుకొని, మళ్లీ వాయించారు. ఇందులో ఆయన సొంత రచన ఒక్కటీ లేదు.

ఆ లేకపోవడమే ఈ ఆల్బమ్‌లో నాకు నచ్చిన విషయం. వింటర్ తన గురువుల బాకీని ఉంచుకున్న మనిషి కారు. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌ను కొత్త తరం మరచిపోతున్న రోజులలో, 1977లో, ఆయన ఆల్బమ్ ‘హార్డ్ అగైన్’ను తానే నిర్మించి, ఆ తరువాత 1981 వరకు ఆ పెద్దాయనకు మరో మూడు ఆల్బమ్‌లు చేసిపెట్టారు. ‘రూట్స్’ను ఆ వరుసలో మరో వాయిదాగా వినాలన్నది నా అభిప్రాయం. అలా వినని వారికి ఇది పేరున్న వాద్యకారులు కొందరు ఒకచోట చేరి చేసుకున్న విందుగా మాత్రమే కనిపించే ప్రమాదం ఉన్నది.

ఒడిశా సరిహద్దున, గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉండే నాకు ఈ సంగీతంలోకి దారి చూపింది పుస్తకాలు కావు, జముకు అనే జానపద వాద్యం. మహేంద్రతనయకు అవతల పాతపట్నం వైపు పల్లెలలో చిన్నతనంలో విన్న జముకుల కథలో, కళాకారుడు చర్మం బిగించిన ఆ డబ్బాను చంకలో ఇరికించుకొని, దాని మధ్య నుంచి వచ్చే నరాన్ని ఒక చేత్తో లాగి పట్టి మీటుతుంటే, ధ్వని ఒక స్వరం దగ్గర నిలవకుండా సాగి, వంగి, మూలిగేది. బ్లూస్‌లో స్లైడ్ గిటారు చేసే పని కూడా అదే. వింటర్ చిటికెన వేలికి లోహపు గొట్టం ముక్క తొడుక్కొని, తంతిని మెట్టు మీద అదిమి పెట్టకుండా దాని మీదుగా జార్చేవారు. వీణను పోలిన గోటువాద్యం విన్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు, అక్కడ నల్లకర్ర ముక్క చేసే పనిని ఇక్కడ గొట్టం చేస్తుంది. అయితే గోటువాద్యం స్వరాన్ని లాలిస్తుంది. వింటర్ స్లైడ్ గీరుతుంది, అరుస్తుంది.

ఆల్బమ్‌ను తెరిచే ‘టీ-బోన్ షఫుల్’ ఆయన రాష్ట్రానికే చెందిన టీ-బోన్ వాకర్ పాట. షఫుల్ అంటే ఏమిటో మన లెక్కలో చెప్పాలంటే, తిశ్రంలో ‘తకిట’ అన్న మూడు అక్షరాలలో మధ్యదానిని పలకకుండా మొదటిదానిలో కలిపేసి, మూడవదానిని చిన్నగా తోసినట్టు వాయించడం. ఆ తోపు ఏ మాత్రం ముందుకు జరిగినా పాట పరుగెడుతుంది, వెనుకకు జరిగితే చతికిలపడుతుంది. ఇక్కడ డ్రమ్ములూ, కింది స్వరాలు పలికే బాస్ గిటారూ దానిని సరైన చోట పట్టి నిలిపాయి. మడ్డీ వాటర్స్ పేరుతో ముడిపడిన ‘గాట్ మై మోజో వర్కింగ్’ సంగతి వేరు. గాయకుడు అన్న మాటను బృందం తిరిగి అందుకునే ఆ పాట కట్టుబడి, మన కథకుల వెనుక నిలిచే వంతల పద్ధతికి దగ్గరి చుట్టం.

నేను ఎక్కువసార్లు విన్నది తొమ్మిదవదైన ‘డస్ట్ మై బ్రూమ్’. రాబర్ట్ జాన్సన్ 1936లో ఒంటరి గిటారుతో రికార్డు చేసిన ఈ పాటను, 1951లో ఎల్మోర్ జేమ్స్ కరెంటు గిటారు మీద స్లైడ్‌తో మొదలుపెట్టి దాని రూపాన్నే మార్చివేశారు. పేరులో ఉన్న చీపురు ఇల్లు ఊడ్చుకోవడానికి కాదు, మూటాముల్లె సర్దుకొని ఇల్లు విడిచి పోతున్నానని చెప్పడానికి. వింటర్ ఇందులో స్లైడ్ గిటారు వాద్యకారుడు డెరెక్ ట్రక్స్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. జాన్సన్, జేమ్స్, వింటర్, ట్రక్స్ అని వరుసగా చెప్పుకుంటే మూడు తరాలకు చెందిన నలుగురి చేతులు ఒకే పల్లవి మీద పడినట్టు. చక్ బెర్రీ 1955 నాటి ‘మేబెలీన్’లో మరొక రకం వేరు బయటపడుతుంది: ఆ పాట తెల్లవారి పల్లె ఫిడేలు పాట ‘ఐడా రెడ్’ నుంచి మొలిచింది. దానికి కంట్రీ సంగీతంలో పేరున్న విన్స్ గిల్‌ను పిలవడం అందుకే సముచితంగా తోచింది.

లోపాలు లేవనలేను. వింటర్ గొంతు అప్పటికే పలుచబడింది. పాత రికార్డులలోని గర్జన కోసం వెదికేవారు నిరాశపడతారు. అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టింది అతిథుల ఎంపిక. స్లైడ్‌లోనే పేరుమోసిన సానీ లాండ్రెత్, వారెన్ హేన్స్, ట్రక్స్ ముగ్గురినీ పిలిచిన తరువాత, ఇంటి యజమాని వేళ్లకు మిగిలే చోటు తగ్గక తప్పదు. నిర్మాత పాల్ నెల్సన్ అతిథుల సంఖ్యను సగానికి తగ్గించి ఉంటే ఆల్బమ్ మరింత వింటర్‌ది అయి ఉండేది. జాన్ పాపర్ మౌత్ ఆర్గన్‌తో సాగే ‘లాస్ట్ నైట్’ బాగున్నది. ‘షార్ట్ ఫ్యాట్ ఫ్యానీ’ సరదాకు సరిపోతుంది, అంతే. చివరిదైన ‘కమ్ బ్యాక్ బేబీ’లో వేగం తగ్గి, వయసు మీద పడిన ఆ గొంతే పాటకు బలమైంది.

ఇదే ఆలోచనను కొనసాగించిన ‘స్టెప్ బ్యాక్’ 2014లో, వింటర్ జులైలో కన్నుమూసిన తరువాత వెలువడి, మరుసటి ఏడాది గ్రామీ పురస్కారం అందుకున్నది. నేనైతే రెండింటిలో ‘రూట్స్’కే ఎక్కువ సార్లు తిరిగి వస్తున్నాను. సెల్‌ఫోన్ స్పీకరులో మాత్రం దీనిని వినవద్దని మనవి, ఎందుకంటే బాస్ వినపడకపోతే షఫుల్ నడుము విరిగినట్టే. ఇంగ్లీషు పాట చెవికి పట్టదనుకునే మన పెద్దలకు వినిపించదలచినవారు ఎనిమిదవదైన ‘హాంకీ టాంక్’తో మొదలుపెట్టవచ్చు. 1956లో బిల్ డాగెట్ ప్రసిద్ధం చేసిన ఆ బాణీలో మాటలే లేవు. జానీ గిటారు ఒక ప్రశ్న వేస్తుంటే తమ్ముడు ఎడ్గార్ శాక్సఫోన్ తాపీగా జవాబు చెబుతుంటుంది.