చూడి కుందేలు గూటికి ఏది మేలు: చెక్కపెట్టెనా, మట్టి కుండనా?

జత కలిపిన రోజు నుంచి లెక్కపెడితే కుందేలు దాదాపు 31 రోజులకు ఈనుతుంది. 27, 28 రోజులకల్లా బోనులో గూడు సిద్ధంగా ఉండాలి. మరీ ముందే పెడితే అందులోనే మూత్రం పోసి పాడుచేస్తుంది. అనంతపురంలో ఆ గూడు ఏదై ఉండాలన్నది ఈనే నెలను బట్టి తేల్చుకోవాలి.

డిసెంబరు, జనవరి ఈతలకు చెక్కపెట్టెకు సాటి లేదు. పుట్టిన పిల్లలకు ఒంటిమీద నూగైనా ఉండదు, చలికి తట్టుకోలేవు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉంటే మధ్యరకం కుందేలుకు సరిపోతుంది. ముందు గడప మాత్రం ఆరంగుళాల ఎత్తు ఉండాలి. గడప తక్కువైతే, పాలు తాగుతూ చన్ను వదలని పిల్ల, తల్లి దూకినప్పుడు దానితోపాటే బయట పడుతుంది. పిల్లిలా నోట కరుచుకుని లోపలికి తెచ్చుకోవడం కుందేలుకు తెలియదు. తెల్లారి చూసేసరికి చల్లబడి ఉంటుంది పాపం.

ఎండ 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో అదే పెట్టె పొయ్యి అవుతుంది. అప్పుడు నా ఓటు కుండకే. వెడల్పు మూతి కుండను పక్కకు వాల్చి, దొర్లకుండా రెండు వైపులా ఇటుకలు పెట్టాలి. మట్టి తొందరగా వేడెక్కదు. గుండ్రటి అడుగు వల్ల పిల్లలన్నీ జారి ఒకచోటికే చేరతాయి. కింది అంచే గడప. చల్లదనం కోసం కుండను తడపకండి, లోపలి గడ్డి చెమ్మగిల్లుతుంది. తడి గోనెపట్టా బోను పక్కన వేలాడదీయండి. మన పొడిగాలికి అది బాగా పనిచేస్తుంది.

కుండకున్న లోపం, అది మూత్రం పీల్చుకుంటుంది. రెండో ఈతకు కొత్తది కొనాల్సిందే. పెట్టెనైతే కడిగి ఎండలో పడేస్తే చాలు. నూనె డబ్బా రేకు గూడు ఏ కాలానికీ వద్దు.

ఏ గూటిలోనైనా పరుపు ఎండుగడ్డే. బూజు వాసన వచ్చే వేరుశనగ కట్టె, పాత గుడ్డలు వద్దు. దారాలు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. మా ఆడకుందేలు ఈనే ముందు గడ్డిపరకలను మీసాల్లా నోట అడ్డంగా పట్టుకుని గూటికి పరుగులు తీసింది. ఆ తర్వాత పొట్ట మీది బొచ్చు పీకి పరిచింది. ఆ బొచ్చు తీసేయకండి. రోజుకొకసారి చేయి పెట్టి చూడండి. పిల్లలు ముద్దగా, పొట్టలు నిండుగా ఉంటే అంతా బాగున్నట్టే. ఎర్రబడి దూరదూరంగా పడుకుంటే ఉక్కపోస్తోందని అర్థం, పైపొర బొచ్చు కొంచెం పక్కకు జరపండి.