ఎండలో మాయమయ్యే రంగులు: పామ్ త్రీసీతో ఆరేళ్లు

మాది పర్లాకిమిడి. ఉద్యోగం ఎమ్మార్, అంటే మందుల కంపెనీ మెడికల్ రిప్రజెంటేటివ్, హెడ్‌క్వార్టర్ రాయగడ. భుజాన శాంపిల్స్ సంచి వేసుకుని గుణుపురం, మునిగుడ, కోరాపుట్, జయపురం, నెలకోసారి మల్కన్‌గిరి తిరిగేవాణ్ణి. 2001 డిసెంబరులో మా బావమరిది అమెరికా నుంచి వస్తూ, తను వాడి పక్కన పడేసిన పామ్ త్రీసీ అనే జేబు కంప్యూటర్ తెచ్చి చేతిలో పెట్టాడు. 2007 చివరిదాకా నా చొక్కా జేబులో అదే ఉంది. దాని బరువుకి జేబు సాగిపోయి కిందికి వేలాడుతుంటే మా ఆవిడ విసుక్కునేది. దాదాపు 190 గ్రాములు మరి.

2000 ఫిబ్రవరిలో వచ్చిన ఈ త్రీసీయే పామ్ వాళ్ల మొదటి రంగుల తెర యంత్రం. కొత్తది అక్కడ 449 డాలర్లు. 20 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 8 మెగాబైట్ల మెమరీ, అటు 160 ఇటు 160 చుక్కల తెర, 256 రంగులు. ఇప్పుడు ఈ అంకెలు చదివితే నవ్వొస్తుంది. కానీ మీట నొక్కీ నొక్కగానే తెర వెలిగేది. కింద నాలుగు బటన్లు: డైరీ, చిరునామాలు, చేయాల్సిన పనులు, నోట్సు. ఏది నొక్కితే అది వచ్చి కూర్చునేది. క్లినిక్ బయట బెంచీ మీద ఉండగా "లోపలికి రమ్మంటున్నారు" అని కాంపౌండరు కేకేస్తే, లేచి గుమ్మం దాటేలోగా ఆ డాక్టరుగారికి పోయినసారి ఏ శాంపిల్ ఇచ్చానో, ఆయన ఏమన్నారో చూసేసుకునేవాణ్ణి. ఆరేళ్లలో ఆ యంత్రం నాకు చేసిన అసలు మేలు ఇదే. దీనికి రంగుతో పని లేదు.

చిరునామాల్ని పదిహేను వర్గాలుగా విడగొట్టుకోవచ్చు. నేను ఊరికొక వర్గం పెట్టుకున్నాను. బస్సు దిగగానే ఊరి పేరు ఎంచుకుంటే ఆ ఊరి డాక్టర్లు, స్టాకిస్టులు, మందుల షాపులు వరసగా వచ్చేసేవి. ఖర్చులు రాసుకునే ప్రోగ్రాం ఇంకా బాగుండేది. నెలాఖరున కంప్యూటర్‌కి కలిపితే ఆ లెక్కంతా ఎక్సెల్ షీటులోకి వచ్చేది, టీఏ బిల్లు అరగంటలో అయిపోయేది. కాకపోతే అందులోని ఖర్చుల పద్దులు తయారుచేసినాయన మల్కన్‌గిరి వైపు ఎప్పుడూ వచ్చినట్టు లేదు. లిమో ఉంది, సబ్‌వే ఉంది, షేర్ జీపు లేదు. జీపు టాపు మీద కూర్చుని వెళ్లిన ఖర్చుని ఏ పద్దులో వెయ్యాలో తెలియక ట్యాక్సీ అని రాసేవాణ్ణి.

రాత సంగతి చెప్పాలి. తెర కింద ఒక గళ్ల జాగా ఉంటుంది, ఎడమ గడిలో అక్షరాలు, కుడి గడిలో అంకెలు. గ్రాఫిటీ అనే ఆ పద్ధతిలో, తెర మీద రాసే ప్లాస్టిక్ పుల్ల ఎత్తకుండా ఒక్క గీతతో అక్షరం గియ్యాలి. ఇంగ్లీషు 'ఏ' అంటే మధ్య గీత లేని గుడిసె. వారం రోజులు చిరాకు పెట్టింది, తర్వాత చెయ్యి దానంతటదే పోయేది. తెలుగు లేదు, ఒడియా లేదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో గీక్కుంటూ ఆరేళ్లు గడిపాను. గీకి గీకి ఆ జాగా అరిగిపోకుండా పైన పారదర్శకమైన టేపు అతికించేవాణ్ణి. దీపావళికోసారి మార్చేవాణ్ణి.

ఇక రంగు. మొదటి ఏడాది అది నాకు రెండో సంచి లాంటిది. రెండు నిమిషాల్లో డిటైలింగ్, అంటే మందుల గురించి నేను చెప్పేది, ముగించి పంపేసే డాక్టర్లు కూడా "ఎయిటా కొణొ?" (ఇదేమిటి?) అని ఒడియాలో అడిగి చెయ్యి చాపేవారు. జయపురంలో మా తెలుగు స్టాకిస్టు, పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూసి, "ఏటి బాబూ, జేబులో టీవీ పెట్టుకు తిరిగేత్తన్నావా?" అన్నారు. అప్పటి ఆర్డరు కాస్త పెద్దదే వచ్చింది. మా పాప ఫోటో కూడా ఎక్కించాను. 256 రంగుల్లో చెంపలు మరకలు మరకలుగా, పసుపు రాసి సగం కడిగినట్టు ఉండేవి. అయినా చూపించుకు తిరిగాను.

ఆ రంగే బయట పనికిరాలేదు. దీని తెర వెనక దీపం వెలుగుతోనే కనపడుతుంది. ఆ దీపాన్ని తగ్గించవచ్చు గానీ ఆర్పలేం. మధ్యాహ్నం రాయగడ బస్టాండులో తీస్తే నల్లటి అద్దంలా నా మొహమే కనిపించేది. నోట్సు చూడాలంటే టీకొట్టు చూరు కిందికి దూరాలి, లేదా గొడుగు తెరవాలి. అదే రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే రైలు సొరంగంలోకి దూరి పెట్టెంతా చీకటైతే, వెలిగేది ఇదొక్కటే. ఎదుటి సీటు పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవారు. ఆ దారిలో సొరంగాలు బోలెడు. కాబట్టి ఆ లైను వరకు మటుకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

తెర దీపం తినేది బ్యాటరీనే. నలుపు తెలుపు పామ్‌లలో చాలావాటికి రెండు సన్న పెన్సిల్ సెల్స్ చాలు. మా పోటీ కంపెనీ ఎమ్మార్, నాకు తమ్ముడి లాంటివాడు, పామ్ వాళ్లదే నలుపు తెలుపు ఎమ్ 100 వాడేవాడు. సెల్స్ అయిపోతే ఏ ఊరి కొట్లోనో కొని వేసుకునేవాడు. నాది లోపల బిగించేసిన లిథియం బ్యాటరీ, దాన్ని ఛార్జి చెయ్యడానికీ కంప్యూటర్‌కి కలపడానికీ నా దగ్గర ఉన్నది దాన్ని నిలబెట్టే తొట్టి ఒక్కటే. టూరుకెళ్తే శాంపిల్స్‌తో పాటు ఆ తొట్టీ, దాని వైరూ మోయాలి. కొత్తలో నాలుగైదు రోజులు వచ్చిన ఛార్జి, ఏ లిథియం బ్యాటరీకైనా వయసు మీద పడకుండా ఉండదు కాబట్టి, 2005 నాటికి ఒక రోజుకి దిగింది.

అందులో ఉన్న అసలు ప్రమాదం నాకు 2003 వానాకాలంలో తెలిసింది. మనం రాసిందంతా బ్యాటరీ ప్రాణం ఉన్నంతవరకే ఉంటుంది. ఛార్జి తగ్గితే ముందు తెర వెలగదు, లోపలి సమాచారం మాత్రం కొన్నాళ్లు బతికే ఉంటుంది. అప్పటికీ తొట్టిలో పెట్టకపోతే పలక తుడిచేసినట్టే. మల్కన్‌గిరి టూరు నుంచి వచ్చిన మూడో రోజు నాకు చలి జ్వరం మొదలైంది. మలేరియా మందులమ్మే మనిషికి మలేరియా. పర్లాకిమిడిలో మా అమ్మ దగ్గర పదిహేడు రోజులు పడుకున్నాను. యంత్రం సంచిలో, తొట్టి రాయగడలో. లేచి తిరిగొచ్చి తొట్టిలో పెడితే, కొత్త పెట్టెలోంచి తీసినట్టు తెర మీది గుర్తుల్ని పుల్లతో తట్టమని అడిగింది. కంప్యూటర్‌కి కలపగానే పాతవన్నీ తిరిగొచ్చాయి. టూరుకి ముందు కలిపినవరకే వచ్చాయి. ఆ టూరులోని ఆర్డర్లు, డీసీఆర్‌కి, అంటే కంపెనీకి పంపే రోజువారీ రిపోర్టుకి రాసుకున్నవీ పోయాయి. తప్పు నాదే, బయల్దేరిన రోజున తొట్టిని బద్ధకించి వదిలేశాను. స్టాకిస్టులకి ఒక్కొక్కరికీ ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "అయ్యా, ఏం చెప్పారో మళ్లీ చెప్పండి" అని అడగాల్సి వచ్చింది. అప్పట్నుంచి ఆర్డర్లు పాకెట్ పుస్తకంలో బాల్‌పెన్నుతో రాసి, సాయంత్రం లాడ్జిలో యంత్రంలోకి ఎక్కించేవాణ్ణి. ఒకే పని రెండుసార్లు.

ఎండ సమస్యకి విరుగుడు అప్పటికే ఉంది. మా మేనేజరు దగ్గరుండే కాంపాక్ ఐపాక్ అనే జేబు కంప్యూటర్ కూడా 2000లోనే వచ్చింది. దాని తెర బయటి వెలుతురుని తిప్పికొట్టే రకం, ఎండలో ఇంకా బాగా కనిపించేది. ఏడాది తర్వాత పామ్ వాళ్లూ ఎమ్ 505లో అదే దారి పట్టారు. నాకు అంత స్తోమత లేక పాతదానితోనే లాక్కొచ్చాను.

చివరికి దాన్ని ఆపించింది బ్యాటరీ కాదు. 2007లో ఇంటికి కొత్త కంప్యూటర్ తెచ్చాను, దానికి వెనక తొట్టి వైరు తగిలించే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు లేదు. మార్చే వైరు ఒకటి తెప్పించాను, కుదరలేదు. కంప్యూటర్‌కి కలవని పామ్‌ని నమ్ముకోవడమంటే ఏమిటో నాకు మల్కన్‌గిరి నేర్పింది కదా. డ్రాయర్లో పెట్టేశాను.

ఎమ్ 100 తమ్ముడు 2002లో ఒకసారి గుణుపురం బస్సులో, "అన్నా, మార్చుకుందామా? నీది నాకియ్యి, నాది తీసుకో, పైన వెయ్యి ఇస్తాను" అన్నాడు. వాడి తెర బూడిద రంగులో, చవకగా కనిపించింది. వద్దన్నాను. అప్పుడు బస్సు కిటికీలోంచి పడుతున్న ఎండలో వాడు తన డైరీ చదువుకుంటున్నాడు, నేను నాది చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాను.