చిక్కడపల్లిలో వీణకు మేళం: పని బాగుంది, గుర్రం దగ్గర జాగ్రత్త

దసరాల్లో మూలా నక్షత్రం నాడు పూజలో పెట్టి, మిగతా ఏడాదంతా గలీబులోనే ఉంచే వీణలు హైదరాబాదులో బోలెడు. బొట్లు పదిలంగానే ఉంటాయి, మెట్లను, అంటే తీగల కింద అడ్డంగా అమర్చిన లోహపు కడ్డీలను, పట్టి ఉంచే మైనమే పగిలి ఉంటుంది. అలాంటివాటికి త్యాగరాయ గానసభ దగ్గర్లోని ఈ చిన్న మరమ్మతు దుకాణం మంచి చోటు.

మేళం కట్టడంలో, అంటే మెట్లను మైనంలో స్వరస్థానాలకు సరిగ్గా కుదర్చడంలో, వీళ్లది గట్టి చేయి. ముందు దండి (మెట్లుండే పొడుగాటి భాగం) పొడవునా దారం లాగి వంపు చూస్తారు. ఒకే పనస దుంగలో తొలిచిన బొబ్బిలి ఏకాండి వీణకు ఆ బెడద తక్కువ. ముక్కలు అతికి చేసిన అతుకు వీణ మాత్రం కుండ (నాదం పలికే బుర్ర) దగ్గర వంగుతుంది. అది సరిచేయకుండా మేళం కడితే డబ్బు దండగ. తర్వాత 24 మెట్లూ ఊడదీసి, పాత మైనం గీకేసి, తేనెమైనంలో గుగ్గిలం, బొగ్గుపొడి కలిపి కొత్త గట్టు కడతారు. గుగ్గిలం ఎక్కువైతే గట్టు పెళుసెక్కి పగులుతుంది, తక్కువైతే మే ఎండకు మెట్లు కుంగుతాయి. ఇక్కడ పాళ్లు కుదిరాయి. ఒక్కో మెట్టును సారణి (మొదటి వాయింపు తీగ) మీద చెవితో సరిచూశాకే అదుముతారు.

ఆ 24నీ గాయత్రి అక్షరాలతో పోల్చడం పాత సంప్రదాయం. అందుకో ఏమో, ఒక్క మెట్టు కుంగినా మొత్తం విప్పాలంటారు. అక్కర్లేదు, వేడి ఊచతో అక్కడి మైనం కరిగించి సర్దొచ్చు. గట్టిగా అడగండి.

గుర్రం, అంటే కుండ మీద తీగలను మోసే వంతెన, పని అంతంతమాత్రం. పైనున్న రేకుకు తీగల గాడులు పడితే నాదం మూసుకుపోతుంది. అరగదీసి సన్నటి వంపు తేవాలి. వీళ్లు మెరుగు పెట్టి ఊరుకుంటారు.

తీసుకునేముందు పన్నెండో మెట్టు మీది తారషడ్జం (పై స) శ్రుతితో కలిసిందో లేదో చూడండి. గాంధారం మెట్టు మీద తీగను పక్కకు లాగి మధ్యమం పలికించండి. జీరపోతే పై మెట్టు ఎత్తుగా ఉన్నట్టే.

చెప్పులు బయట విడవమంటారు, వీణను దాటనివ్వరు. ఆ మర్యాద బాగుంది. ఇంట్లో పూజకు మాత్రం బొట్టు యాళి (దండి చివర చెక్కిన మృగం తల) నుదుటికి చాలు. తీగలు బిగించే బిరడాలకు నూనె తగిలితే జారతాయి, అప్పుడు సుద్దముక్క రుద్దాలి. హారతి పళ్లెం మెట్ల దగ్గరికి తేవద్దు. దసరాకు కావాలంటే వినాయకచవితికి ముందే ఇచ్చేయండి. కొత్త మైనం కుదురుకున్నాక రెండోసారి సర్దించుకోవాల్సి రావచ్చు.