ఫ్లెక్సీ దుకాణంలో సిఫ్ట్: చాలాకాలం వాడాక

హనుమకొండలో మాది ఫ్లెక్సీలు, స్టిక్కర్ల దుకాణం. "అన్నా, పోయినసారి మీ దగ్గరే చేయించాం, అదే లోగో వేయండి" అంటూ వాట్సాప్‌లో ఫొటో పంపుతారు. అది ముడతలు పడిన సంచి మీదదో, వెలిసిపోయిన ఆటో వెనక స్టిక్కరో అయి ఉంటుంది. అసలు ఫైలు మా పాత హార్డ్ డిస్కులోనే ఎక్కడో ఉంటుంది, 'న్యూ ఫైనల్ 2' అనే పేరుతో. దాన్ని పట్టుకోవడానికే సిఫ్ట్‌ను వాడుతున్నాను. రెండు బొమ్మల్లో ఒకేలా ఉన్న చోట్లను కంప్యూటర్‌తో పోల్చే పద్ధతి అది. బొమ్మలతో పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సీవీలో ఉంటుంది, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో నడుపుతాను. డేవిడ్ లో (Lowe) అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1999లో ప్రకటించిన పద్ధతి ఇది. 2020లో పేటెంట్ గడువు తీరడంతో ఇప్పుడు ఓపెన్‌సీవీ ప్రధాన ప్యాకేజీలోనే ఉచితంగా దొరుకుతోంది.

సిఫ్ట్ లోగోను మొత్తంగా చూడదు. ప్రత్యేకంగా కనిపించే బిందువులను ఏరి, ఒక్కోదాని చుట్టూ వెలుగునీడలు ఎటు మారుతున్నాయో 128 సంఖ్యల్లో రాసుకుంటుంది. అందుకే ఫొటో పక్కకు తిరిగినా, సగం లోగోను ఎవరి చెయ్యో కప్పేసినా మిగతా బిందువులతో గుర్తుపడుతుంది. నలుపు తెలుపులోకి మార్చి చూస్తుంది కాబట్టి రంగు మారిన సంగతి దానికి పట్టదు. కెమెరా కదిలి చెదిరిన ఫొటోలు, బాగా ఏటవాలుగా తీసినవి మాత్రం దాని వల్ల కావు.

మా ఊళ్లో అసలు చిక్కు కాకతీయ తోరణం. రాష్ట్ర చిహ్నంలో ఉన్నది చాలక బడి, సంఘం, క్రికెట్ జట్టు అన్నీ దాన్నే పెట్టుకుంటాయి. పైగా డిజైనర్లందరం ఒకే బొమ్మను తిప్పి తిప్పి వాడతాం. దాంతో ఒక్క ఫొటోకు ఎన్నో ఫైళ్లు జత కుదురుతాయి. అప్పుడు తోరణాన్ని పక్కన పెట్టి, చుట్టూ ఉన్న అక్షరాల్లో ఎన్ని బిందువులు కలిశాయో చూస్తాను. సెల్ఫీల్లో అద్దంలోలా తిరగబడిన లోగోనూ ఇది పోల్చుకోలేదు. ఫొటోను ఎడమ కుడిగా, కుడి ఎడమగా మార్చి ఇవ్వాల్సిందే.

సాదా గుర్తుల దగ్గర నాకు విసుగొస్తుంది. ఒక వంపు, ఒక వృత్తం తప్ప ఏమీ లేని లోగోలో ఏరడానికి బిందువులే ఉండవు. అక్కడ ఆకారాన్ని 7 సంఖ్యలుగా మార్చే హు అనే పరిశోధకుడి పద్ధతి (1962 నాటిది) నయం. కానీ మడత దగ్గర గీత తెగితే ఆ సంఖ్యలన్నీ మారిపోతాయి. కారు గుర్తును రోడ్డు రోలర్, చపాతీ రోలర్ పోలి ఉన్నాయని 2022 మునుగోడు ఉప ఎన్నికలో తెరాస అభ్యంతరం చెప్పింది గుర్తుందా? మనుషులకే తికమకయ్యే చోట ఈ 7 సంఖ్యలను నేను నమ్మను. కంటితో చూసుకున్నాకే ప్రింటుకు పంపుతాను.

పాత ల్యాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. పాత ఫైళ్ల బిందువులను ముందే లెక్కించి దాచుకుంటే వెతుకులాట చురుగ్గా సాగుతుంది. అయితే ఇది ఫైలును పట్టిస్తుందే గాని మసక లోగోను శుభ్రంగా గీసివ్వదు. అసలు ఫైలు డిస్కులో లేకపోతే కోరల్‌డ్రా తెరిచి చేత్తో గీయడమే, దానికి డబ్బులు వేరు.