లేఅవుట్‌కు తుదిమెరుగులు: కంకర, గడ్డి, నీళ్లు, రంగులు కొన్నేళ్ల వాడకం తర్వాత ఎలా ఉన్నాయి

మోడల్ రైల్వే సామగ్రి మీద కనిపించే సమీక్షల్లో చాలావరకు డబ్బా తెరిచిన వారంలోనే రాసినవి కావడం వల్ల, గడ్డి ఎంత చక్కగా నిలబడిందో, నీళ్లు ఎంత తళతళలాడుతున్నాయో వాటిలో ఉంటుంది గానీ, అదే గడ్డి మీద దుమ్ము పేరుకున్నాక, ఆ నీళ్ల మీద వెలుతురు ఏళ్ల తరబడి పడ్డాక, ఆ పట్టాలను పదే పదే తుడిచాక పరిస్థితి ఏమిటన్నది ఉండదు. నా లేఅవుట్ (బల్ల మీద కట్టుకున్న బుల్లి రైలుమార్గం, దాని చుట్టూ ఉన్న దృశ్యం) హెచ్ఓ స్కేలుది, అంటే 1:87 నిష్పత్తి, 16.5 మిల్లీమీటర్ల గేజ్. బల్ల, ట్రాక్, వైరింగ్, కొండలు పూర్తయి రైళ్లు ఇబ్బంది లేకుండా తిరగడం మొదలైన తర్వాత వేసిన పదార్థాలను మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను. పదార్థం రైలు నడకకు అడ్డం రాకూడదు, శుభ్రం చేసుకోవడానికి వీలివ్వాలి. అందం లెక్క ఆ తర్వాతే అన్నది నేను పెట్టుకున్న కొలమానం. ఈ కొలమానంతో చూస్తే బాగా పేరున్న కొన్ని పదార్థాలు వెనకబడ్డాయి, ఎవరూ పెద్దగా పట్టించుకోనివి కొన్ని ముందుకు వచ్చాయి.

అలా ముందుకు వచ్చిన వాటిలో మొదటిది పట్టాల పక్కలకు వేసే రంగు. మోడల్ పట్టాల కోడ్ అంటే వాటి ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో. కోడ్ 100 పట్టా ఎత్తు 2.54 మిల్లీమీటర్లు, దాన్ని 87తో హెచ్చిస్తే 221 మిల్లీమీటర్లు వస్తుంది. మీటరుకు 60 కిలోల బరువుండే అసలు పట్టా ఎత్తే 172 మిల్లీమీటర్లు కాబట్టి, మన ట్రాక్ ఉండాల్సిన దానికన్నా బాగా ఎత్తుగా ఉన్నట్టే. కోడ్ 75 పట్టా ఈ విషయంలో అసలుకు చాలా దగ్గరగా ఉంటుంది గానీ, వేసిన ట్రాక్ అంతా పీకి మార్చడం ఎవరికీ కుదిరే పని కాదు. పక్కలకు మెరుపు లేని ముదురు గోధుమ రంగు పూస్తే ఆ వెండి మెరుపు పోయి, కన్ను ఎత్తును పట్టించుకోవడం మానేస్తుంది. నారింజ ఛాయ కలిసిన తుప్పు రంగు కొత్తలో ఆకర్షణీయంగా ఉన్నా, కంకర పడ్డాక బొమ్మలా కనిపిస్తుంది. గోధుమలో కాస్త బూడిద రంగు కలిపినదే నిలిచింది. రంగు ఆరకముందే పట్టా నెత్తిని గుడ్డతో తుడవాలి, పాయింట్ల దగ్గర, అంటే రైలు దారి మారే చోట, బ్లేడు (అటూ ఇటూ కదిలే పట్టా ముక్క) ఆనే చోట అసలు పూయకూడదు. ఇన్నేళ్లలో ఈ రంగు ఎక్కడా పెచ్చులుగా లేవలేదు. శుభ్రం చేసే దిమ్మె తగిలే పై అంచుల్లో మాత్రం సన్నగా అరిగింది, అది నిజానికి సహజంగానే ఉంది.

కంకర విషయం ఇంత సులభం కాదు. అసలు రైలుమార్గంలో వాడే రాళ్లు సుమారు 50 మిల్లీమీటర్ల పరిమాణంలో ఉంటాయనుకుంటే, హెచ్ఓలో అది 0.6 మిల్లీమీటర్లకు, ఇంకా చిన్నదైన ఎన్ స్కేలులో 0.3 మిల్లీమీటర్లకు దిగుతుంది. పొట్లం మీద హెచ్ఓ అని ముద్రించిన కంకరలో ఇంతకన్నా పెద్ద గింజలు ఉండటం మామూలే కనుక, పొట్లం మీది మాటను నమ్మడం కన్నా గింజను స్కేలు పక్కన పెట్టి చూసుకోవడం మంచిది. నేను రెండు రకాలు వాడాను. వాల్‌నట్ పెంకుల పొడితో చేసిన కంకర తేలిక, పరచడం సులువు. కానీ జిగురు నీళ్లు పడగానే తేలి స్లీపర్ల మీదికి ఎక్కుతుంది, దాన్ని సర్దడానికే సగం సాయంత్రం పోతుంది. రాతిని పిండి చేసిన కంకర బరువుగా ఉండి వేసిన చోటే కూర్చుంటుంది, ఏళ్లు గడిచినా దాని రంగు మారలేదు. అయితే కొన్ని రాళ్లలో ఇనుము ఉంటుంది. ఇంజను మోటారులోని అయస్కాంతం అలాంటి గింజలను లాగేస్తుంది కాబట్టి, కొన్న కంకరను కాగితం మీద పోసి కింద నుంచి అయస్కాంతం కదిపి చూడాలి. గింజలు కదిలితే ఆ కంకరను ట్రాక్ మధ్యలో వాడకూడదు.

జిగురు దగ్గర అభిప్రాయాలు చాలా ఉన్నాయి. ఒక వంతు పీవీఏకు (చెక్కపనికి వాడే తెల్ల జిగురు) రెండు వంతుల నీళ్లు, అందులో గిన్నెలు తోమే ద్రవం ఒకటి రెండు చుక్కలు కలిపి, ముందుగా కంకరను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తుంపరతో బాగా తడిపి, ఆ తర్వాత డ్రాపర్‌తో చుక్కలుగా వదలడం పాత పద్ధతి. తడపడంలో పిసినారితనం చూపితే జిగురు పైనే ముద్ద కట్టి గుంటలు పడతాయి. ఈ పద్ధతిలో నేర్పంటూ ఏదైనా ఉంటే అది తడపడంలోనే ఉంది. పట్టు గురించి ఫిర్యాదు లేదు. లోపం చప్పుడులో ఉంది. పీవీఏ ఆరాక రాయిలా బిగుసుకుంటుంది, స్లీపర్లను కంకర ద్వారా నేరుగా చెక్కకు కలిపేస్తుంది, దాంతో ట్రాక్ కింద కార్క్ వేసిన ప్రయోజనం చాలావరకు పోయి బల్ల మొత్తం డప్పులా మోగుతుంది. నీళ్లు కలిపిన మ్యాట్ మీడియం (ఆరాక మెరవని యాక్రిలిక్ ద్రవం) ఆరాక కాస్త సాగుడు గుణంతో ఉంటుంది, దాంతో వేసిన మార్గంలో చప్పుడు తక్కువ అన్న తేడా అదే రైలు రెండు మార్గాల్లో తిరిగినప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. అయినా పీవీఏను పూర్తిగా తోసిపుచ్చలేను. గోరువెచ్చని నీళ్లు పోసి కాసేపు ఉంచితే అది మెత్తబడి ట్రాక్ చెక్కుచెదరకుండా ఊడివస్తుంది, మ్యాట్ మీడియం అంత తేలిగ్గా వదలదు. మార్పులు చేస్తారన్న అనుమానం ఉన్న యార్డులో పీవీఏ, ఇక ముట్టుకోని ప్రధాన మార్గంలో మ్యాట్ మీడియం అన్నది నా వాడకం.

పాయింట్ల దగ్గర మాత్రం ఏ జిగురైనా ఒకటే, తక్కువ వేయాలి. బ్లేడుకూ పక్క పట్టాకూ మధ్య ఒక్క గింజ చేరినా బ్లేడు పూర్తిగా ఆనదు. కంటికి ఆ సందు కనిపించదు, బరువైన ఇంజను దాటిపోతుంది, వెనక వచ్చే తేలికపాటి ఖాళీ వ్యాగన్ చక్రం అంచు మాత్రం అందులో దూరి పట్టా ఎక్కుతుంది. పట్టాలను నేల మట్టం నుంచి భూతద్దంతో చూస్తే తప్ప ఇది బయటపడదు. బ్లేళ్లను కదిపే అడ్డపట్టీ కింద కంకర వేయకుండా, ఆ చోట చెక్కకు ముదురు బూడిద రంగు పూసి వదిలేయడం సరిపోతుంది. అక్కడ కంకర లేదన్న సంగతి చూసేవాళ్లెవరూ ఇంతవరకు గమనించలేదు.

ఇక గడ్డి. నైలాన్ పోచలను గడ్డిలా నిలబెట్టే స్టాటిక్ గ్రాస్ పరికరం పనిచేసే తీరు సరళమైనదే: జాలీకి ఎక్కువ వోల్టేజీ, క్లిప్పు తీగ ద్వారా తడి జిగురున్న నేలకు రెండో కొస, ఆ రెండింటి మధ్య ఏర్పడే విద్యుత్ క్షేత్రంలో నైలాన్ పోచలు నిలువుగా తిరిగి, జిగురులో నిలబడి దిగుతాయి. క్లిప్పు తగిలించిన మేకు జిగురులో మునిగి ఉండాలి, జిగురు ఇంకా తడిగా ఉండాలి, జాలీ నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున పోచలు ఉండలు కడతాయి, బ్యాటరీ నీరసించినప్పుడు పడుకుంటాయి. పరికరం పాడైందని అనుకునే ముందు ఈ రెండూ చూసుకోవాలి. పరికరం విషయంలో నా అనుభవం మొత్తంగా సంతృప్తికరమే. ఎక్కువగా అలిసిపోయేది తీగ, క్లిప్పు కలిసే అతుకు దగ్గర, అది టంకం వేసి సరిచేసుకోగలిగినదే.

పోచల పొడవు ఎంచుకోవడంలో లెక్క ముఖ్యం. హెచ్ఓలో 2 మిల్లీమీటర్ల పోచ అంటే 17 సెంటీమీటర్ల గడ్డి, 4 మిల్లీమీటర్లంటే 35 సెంటీమీటర్లు, 6 మిల్లీమీటర్లంటే అర మీటరు దాటిన గడ్డి. ఒకే పొడవు, ఒకే పచ్చ రంగు వేసిన నేల జంపఖానా పరిచినట్టు ఉంటుంది. మొదట 2 మిల్లీమీటర్ల పచ్చిక పలుచగా వేసి, అది ఆరాక మచ్చలు మచ్చలుగా జిగురు తుంపర కొట్టి ఎండుగడ్డి రంగు 4 మిల్లీమీటర్ల పోచలు వేయడం, పొడవైనవి కంచెల పక్కన, గట్ల అడుగున మాత్రమే ఉంచడం వల్ల వచ్చే ఫలితం ఖరీదైన రెడీమేడ్ పచ్చిక చాపలతో రాదు. కొత్తలో కాస్త ఎండినట్టు అనిపించే మిశ్రమమే ఏళ్ల తర్వాత సరిగ్గా కనిపిస్తుంది. కిటికీ వెలుతురు నేరుగా పడే వైపున మంచి పచ్చ రంగు ముందుగా వెలిసింది, గడ్డి రంగు, గోధుమ రంగు పోచలు దాదాపు అలాగే ఉన్నాయి.

అయితే దీర్ఘకాలంలో గడ్డి వల్ల వచ్చే బెడద అందానికి సంబంధించినది కాదు, ఇంజనుకు సంబంధించినది. జిగురులో పడీపడకుండా మిగిలిన పోచలు నెమ్మదిగా ఊడి, పట్టాల మధ్య చేరి, ఇరుసుల చుట్టూ మెలికలు పడతాయి. ఒక ఇంజను అడుగు మూత విప్పి చూసినప్పుడు ఇరుసుకు చుట్టుకున్న పోచలు నూనెతో కలిసి నల్లటి ఉన్నిలా తయారై, పళ్లచక్రంలోకి సగం చొచ్చుకుపోయి కనిపించాయి. అప్పటిదాకా ఆ ఇంజను కేవలం కాస్త బరువుగా కదులుతోందన్నంతే. గడ్డి ఆరిన మర్నాడు వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పలుచని నైలాన్ మేజోడు తొడిగి తక్కువ వేగంతో నేలంతా తిప్పితే పట్టులేని పోచలన్నీ మేజోడులో చేరతాయి, వాటిని మళ్లీ వాడుకోవచ్చు, మిగిలిన గడ్డి కూడా ఇంకాస్త నిటారుగా లేస్తుంది. ఆ పని కొన్ని వారాల తర్వాత ఇంకోసారి చేయాలి. ట్రాక్ అంచు నుంచి కొంచెం దూరం వరకు గడ్డి వేయకుండా, అక్కడ సన్నని మట్టి పొడితో సరిపెట్టడం ఇంకా మేలు.

నీళ్లలా కనిపించడానికి పోసే, తర్వాత గట్టిపడే ఎపాక్సీ రెజిన్ ఈ సామగ్రి అంతటిలోకి నన్ను ఎక్కువగా నిరుత్సాహపరిచింది. పోసిన నెలలో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ పలుచని పొరలుగా పోయకపోతే వేడెక్కుతుంది, ఒడ్డు అంచు వెంట పైకి పాకి తడి గీత మిగులుస్తుంది, అడుగున ఎక్కడ చిన్న రంధ్రం ఉన్నా రాత్రికి రాత్రి బల్ల కిందికి కారుతుంది. ఇవన్నీ జాగ్రత్తతో తప్పించుకోగలిగినవే. తప్పించుకోలేనిది వెలుతురుకు పసుపు తిరగడం, దుమ్ము తుడిచినప్పుడల్లా పడే సన్నని గీతలు. దీనికి బదులు వెనకవైపు చెరువుకు నున్నటి ప్లాస్టర్ మీద ఒడ్డున మట్టి రంగు, మధ్యకు వచ్చేకొద్దీ ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు వేసి, పైన గ్లాస్ మీడియం (gloss medium, ఆరాక మెరిసే యాక్రిలిక్ ద్రవం) నాలుగైదు పూతలు పూశాను. లోతు రంగులోనే ఉంది, గీత పడితే ఇంకో పూత వేస్తే సరిపోతుంది. అడుగు కనిపించాల్సిన సెలయేరుకు తప్ప ఇకమీదట రెజిన్ కొననవసరం లేదనుకుంటున్నాను.

ఇంజన్లు, పెట్టెలు మాసినట్టు కనిపించడానికి వాడే పొడి రంగుల గురించి ఒక్క హెచ్చరిక. పొడిని పట్టి ఉంచడానికి పైన మ్యాట్ వార్నిష్ కొడితే సగం పొడి మాయమైనట్టు రంగు తగ్గిపోతుంది. కొట్టకపోతే వేళ్లకు అంటుకుంటుంది. ముందే మ్యాట్ వార్నిష్ కొట్టి, ఆ గరుకు ఉపరితలం మీద పొడి రుద్ది, చేతితో పట్టుకునే చోట్ల వదిలేయడం మధ్యేమార్గం. కప్పులు, చక్రాల ఫ్రేములు, పెట్టెల కొసలు ఇలా చాలాకాలం నిలిచాయి. అన్ని పెట్టెలనూ ఒకే మోతాదులో మాపడం మాత్రం కంటికి వెంటనే తెలిసిపోతుంది.

దీపాల్లో అందరికీ ఒకే జబ్బు, అతి వెలుగు. 12 వోల్టుల సరఫరాకు ఒక తెల్ల ఎల్ఈడీతో 470 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే సుమారు 19 మిల్లీయాంపియర్లు పారి స్టేషను గది వెల్డింగ్ షాపులా వెలుగుతుంది, 4.7 కిలో ఓమ్‌లు వేస్తే సుమారు 2 మిల్లీయాంపియర్లతో కిటికీలోంచి మామూలు బల్బు వెలుతురులా వస్తుంది, ఎల్ఈడీ వేడెక్కదు కూడా. ఇళ్లకు పసుపు ఛాయ ఉన్న 2700 నుంచి 3000 కెల్విన్ల రకమే నప్పుతుంది. గోడల లోపలివైపు నల్ల రంగు వేయకపోతే ప్లాస్టిక్ గోడ మొత్తం వెలుగుతుంది, అది ఏ రెసిస్టరుతోనూ పోదు.

పట్టాల శుభ్రత గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తుదిమెరుగులన్నీ చివరికి పట్టా నెత్తి మీదికే చేరతాయి. జిగురు పొర, వార్నిష్ తుంపర, గడ్డి పొడి, ఇవన్నీ విద్యుత్ ప్రవాహాన్ని అడ్డుకుని ఇంజన్ తడబడేలా చేస్తాయి. గరుకు రబ్బరు దిమ్మె ఆరిన జిగురు గీకడానికి ఒక్కసారి పనికొస్తుంది గానీ, తరచుగా రుద్దితే సన్నని గీతలు పడి మురికి అందులోనే పేరుకుంటుంది. మామూలు రోజుల్లో మెత్తని నూలు గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి తుడవడం సరిపోయింది. గుడ్డను ట్రాక్ వెంటే లాగాలి, పక్కకు జరిగితే గడ్డి, రంగు రెండూ దెబ్బతింటాయి.

మరమ్మతు అవసరం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అదే పేరుతో తర్వాత కొన్న కంకర పొట్లం ఛాయ మొదటిదానితో కలవకపోవడం నాకు ఎదురైంది, కలిపి వేసిన గడ్డి మిశ్రమమైతే మళ్లీ అదే పాళ్లలో కుదరనే కుదరదు. అందుకని వాడిన ప్రతి కంకర, ప్రతి గడ్డి మిశ్రమం, పట్టాల రంగు ఒక్కో చిన్న సీసాలో మిగిల్చి, మూత మీద ఏ చోట వేసిందీ రాసి, బల్ల కింద వెలుతురు పడని అరలో ఉంచుతున్నాను.